బావగారికి మాత్రలు మింగించిన మా చెల్లెలు

పోయిన నెలలో కలకత్తా సాల్ట్ లేక్‌లో మా అమ్మాయి ఉండే బ్లాకు కమ్యూనిటీ హాలులో కొత్త ఆరోగ్య వాలంటీర్లకు శిక్షణ జరుగుతుంటే, ఒకప్పుడు ఈ పని చేసినదాన్ని కదా అని నన్నూ పిలిచి ముందు వరసలో కుర్చీ వేశారు. చల్లటి గది, గోడమీద తెర, అందరికీ మంచినీళ్ళ సీసాలు. నా పక్కన కూర్చున్న పిల్ల తన ఫోను తీసి చూపించింది. అందులో ఎవరో టీబీ రోగి మాత్ర నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, నోరు బార్లా తెరిచి, నాలుక పైకెత్తి చూపిస్తున్నాడు. ఇప్పుడు చాలామంది ఇలాగే పంపేస్తారట, గుమ్మం తొక్కాల్సిన పని తగ్గిందట. మీ రోజుల్లో ఇంటింటికీ వెళ్ళేవారట కదా ఆంటీ, ఎవరూ ఏమీ అనేవారు కాదా అని అడిగింది. అనేవారు కాదమ్మా, కొట్టేవారు అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు. ఆ ఫోనులో తెరిచిన నోరు చూడగానే నాకు మా చెల్లెలు గుర్తొచ్చింది, తరవాత వాళ్ళు ఏం బోధించారో ఒక్క ముక్క వినలేదు.

మన తరం వాళ్ళలో ఏక్‌బాల్‌పూర్ దాటి ఓడరేవు డాకుల వైపు ఉండే మన తెలుగువాళ్ళ మునిసిపల్ క్వార్టర్లు ఎరిగినవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం వైపునుంచి తాతల కాలంలో వచ్చి, ఈ మహానగరం వీధులూ మురుగుకాలవలూ శుభ్రం చేసిన కుటుంబాలు మావి. వరసకి ఎన్ని గదులో గుర్తులేదు గానీ, అన్ని గదులకీ కలిపి ఒక్క కొళాయి. పొద్దున్నే ఆ కొళాయి దగ్గర ఒకావిడ బిందె వరస తప్పి ముందుకు జరిపితే ఇంకొకావిడ అదే బిందె ఎత్తి ఆవిడ నెత్తిన మోదేది. ఒకసారి మా పక్కింటామె చెవిపోగు చెవి తమ్మెతో సహా ఎదటామె చేతిలోకి వచ్చేసింది, ఆ పోగు ఎవరిదన్న గొడవ మాత్రం సాయంత్రందాకా సాగింది. జీతాల రోజున మగవాళ్ళు తాగొచ్చి పెళ్ళాల జుట్టు పట్టుకుని గుమ్మంలోకి ఈడిస్తే, మిగతావాళ్ళం తలుపులు వేసుకోకుండా, వంట ఆపకుండా, చూస్తూనే ఉండేవాళ్ళం. కాళీపూజ టపాకాయల మోతలో ఒకడి కడుపులో కత్తి దిగితే, ఆ కేక టపాకాయలకి వేసింది కాదని మాకు తెలిసేసరికి వాడు ప్రాణం వదిలేశాడు. ఎండా వానా ఎలాగో దెబ్బలూ అలాగే. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది గానీ, అప్పుడు అదే మా ఇల్లు, అక్కడే పెరిగాను, అక్కడి మాటే నా మాట.

నాకు మిగతావాళ్ళకి లేని అదృష్టం ఒకటుండేది. మా క్వార్టర్లవాళ్ళ క్లబ్బు మేడమీద గదిలో రెండు బీరువాల తెలుగు పుస్తకాలుండేవి. దక్షిణ కలకత్తాలో ఉండే బ్యాంకు ఆఫీసర్లూ ప్రొఫెసర్లూ బదిలీ మీద వెళ్ళిపోతూ మోయలేక ఇచ్చేసిన పుస్తకాలవి. వాటి దుమ్ము దులిపే పని మా నాన్న నాకు ఇప్పించాడు. ఏడో క్లాసుతో చదువాగిన నేను ఆ దుమ్ము దులుపుతూనే రెండు బీరువాలూ చదివేశాను. ఇంటివైద్యం పుస్తకాలు, నిఘంటువు, అట్టలు పోయిన నవలలు, ఒక ఇంజనీరింగు పుస్తకం కూడా అర్థం కాకపోయినా ఆఖరి పేజీదాకా చదివాను. నాకు ఏ కాలేజీ పట్టా ఇవ్వలేదు. నాకు తెలిసినదంతా ఆ బీరువాలు ఇచ్చిందే, ఆ మాట చెప్పుకోవడానికి నాకు ఈ రోజుకీ సిగ్గులేదు, గర్వమే.

ఆ చదువువల్లే నర్స్ దిదీ కంట్లో పడ్డాను. వార్డు ఆరోగ్యకేంద్రం నుంచి వచ్చిన ప్రజారోగ్య నర్సు ఆవిడ. పొడగరి, గట్టి ఎముక, నుదుట రూపాయంత బొట్టు, తెల్లచీర నీలం అంచు. మా ఆడవాళ్ళలోంచి కొందరిని వాలంటీర్లుగా తయారుచేసి, టీబీ ఉన్నవాళ్ళకి వారానికి మూడు రోజులు దగ్గరుండి మందు మింగించాలని ఆవిడకి ఆజ్ఞ. ఆవిడకి తెలుగు రాదు, మా వాళ్ళలో చాలామందికి ఆవిడ శుద్ధ బెంగాలీ సరిగ్గా అందదు. మధ్యలో నేను. మొదటిరోజు నా పాండిత్యం చూపించాలని, ఈ జబ్బుని మన పెద్దలు రాజయక్ష్మ అనేవారని చెప్పాను. వెనకనుంచి ఒకామె, "రాజులకొచ్చే జబ్బైతే మనకెందుకొత్తాదే, మనం సీపురోళ్ళం గదా!" అంది. గదంతా పకపకలు. ఆ తరవాత నేనూ టీబీ అనే అన్నాను.

దిదీ నేర్పిన మొదటి పాఠం జబ్బు గురించి కాదు, గదిలో ఎక్కడ నిలబడాలన్నది. వీపు ఎప్పుడూ తెరిచి ఉన్న తలుపు వైపే ఉండాలి, గోడ వైపు ఉండకూడదు. పొయ్యి దగ్గర నిలబడకూడదు. మాత్ర ఇవ్వబోయే ముందు మగమనిషి చేతికి నీళ్ళగ్లాసు ఇవ్వాలి, ఎందుకంటే గ్లాసు పట్టుకున్న చెయ్యి వెంటనే లేవదు. నేను ఇది తెలుగులో చెప్పగానే ఒకామె లేచి, "అయితే మా ఆయనకి రెండు గ్లాసులియ్యాల దిదీ, సేతికొకటి" అంది. "మరి కాలికో?" అంది ఇంకొకామె. దిదీకి తర్జుమా చేసి చెబితే ఆవిడ నవ్వలేదు. కాలు లేస్తే గుమ్మం దాటి పరుగెత్తమని చెప్పమంది. ఆవిడ ఎన్ని ఇళ్ళలో ఎన్ని తన్నులు తప్పించుకుని ఆ పాఠం తయారుచేసుకుందో మాకు అప్పుడు తట్టలేదు.

రెండో పాఠం మింగించడం. పెప్పర్‌మెంటు బిళ్ళలతో సాధన. ఒకరు రోగి, ఒకరు వాలంటీరు. బిళ్ళ నోట్లో వెయ్యాలి, గొంతు కదలడం కళ్ళతో చూడాలి, నోరు తెరిపించి, నాలుక ఎత్తించి, బుగ్గల లోపల కూడా చూడాలి. అందరికంటే బాగా చేసింది మా చెల్లెలు. మా చిన్నమ్మ కూతురు, నాకంటే చిన్నది, సన్నగా చీపురుపుల్లలా ఉండేది. మూతి మీద పాత దెబ్బ మచ్చ ఉన్నా నవ్వితే చూడముచ్చటగా ఉండేది. నవ్వు మొహంతోనే ఎదటివాళ్ళ దవడ పట్టుకుని బిళ్ళ ఎక్కడ దాచారో పట్టేసేది. మొగుడు, మా మరిది, చెత్తలారీ మీద పని. కోపిష్టి. అత్త, మోకాళ్ళ నొప్పుల మనిషి. ఆ ఇంటికి పెద్ద మాత్రం మరిదికి అన్న, అంటే మా చెల్లెలికి బావగారు. మురుగుకాలవల్లో దిగే పని ఆయనది. వెదురుబద్దలు తోసి పూడిక తీసి తీసి చేతులు రోకళ్ళలా ఉండేవి. ఆ చేతుల దెబ్బకే పెళ్ళాం ఇద్దరు మగపిల్లల్ని వదిలేసి ఊరెళ్ళిపోయింది. ఆ గది ఆయన పేరునే ఉంది. ఆయన ఉద్యోగం ఉన్నంతకాలమే ఆ ఇంటిల్లిపాదికీ నీడ.

ఇక్కడ మా ఆచారం ఒకటి చెప్పాలి, ఇప్పటి పిల్లలకి తెలియదు. తమ్ముడి పెళ్ళాం బావగారి ఎదుట పడకూడదు, ఆయనతో మాట్లాడకూడదు. మొహం చూడడం మాట అటుంచి, ఆయన నీడ తొక్కినా తప్పే. అందుకని బావగారు కూడా ఇంట్లోకి వచ్చే ముందు గుమ్మం బయట నిలబడి ఒకసారి దగ్గేవాడు. ఆ దగ్గు విని కోడలు ముసుగు లాక్కుని తెర వెనక్కి తప్పుకునేది. ఇది మర్యాద. ఈ మర్యాదవల్లే ఆయన జబ్బు నెలల తరబడి ఎవరికీ తెలియలేదు. ఆయన దగ్గడం ఎక్కువైంది, మా చెల్లెలు తెర వెనక్కి వెళ్ళడం ఎక్కువైంది, అంతే. ఒకరోజు కొళాయి దగ్గర దగ్గి నెత్తురు ఉమ్మేదాకా ఎవరూ దాన్ని దగ్గు అనుకోలేదు.

కఫం పరీక్షలో జబ్బు తేలింది. బయటి ఆడది వచ్చి తనకి మందివ్వడానికి ఆయన ఒప్పుకోలేదు, పరువు పోతుందని. ఇంట్లోనే ఒక వాలంటీరు ఉందిగా అని దిదీ సంతోషించి మా చెల్లెలికి ఆ పని అప్పగించింది. మా వాళ్ళెవరూ నోరు విప్పలేదు. దాచాలని కాదు. గాలి పీలుస్తామని ఎవరూ ఎవరికీ చెప్పరు కదా, ఇదీ అంతే. ఆవిడ మనిషి ఎక్కడ నిలబడాలో నేర్పింది. ఎవరి ముందు నిలబడకూడదో ఆవిడ అడగలేదు, మాకు చెప్పాలని తట్టలేదు.

మా చెల్లెలు రెండు ధర్మాలూ నిలబెట్టాలనుకుంది. పళ్ళెంలో మాత్రలు, పక్కన చెంబుతో నీళ్ళు గుమ్మంలో పెట్టి, తెర వెనక నిలబడి చెవులు రిక్కించేది. గుటక చప్పుడు, చెంబు నేలమీద పెట్టిన చప్పుడు వినిపిస్తే మింగినట్టు. దిదీ అడిగితే మింగారని చెప్పేది. దాని మనసులో అది అబద్ధం కాదు.

ఆయన మొదట్లో నిజంగానే మింగాడు. ఆ మందు లోపలికి వెళ్తే ఒంటేలు ఎర్రగా వస్తుంది. అది మందు రంగేనని, భయపడొద్దని రోగికి ముందే చెప్పాలని మా శిక్షణలో ఉంది. మా చెల్లెలు ఆయనతో మాట్లాడకూడదు. అత్త చేత చెప్పిద్దామంటే, ఎదిగిన కొడుకుతో ఒంటేలు మాట ఎలా అంటానే అని ఆవిడ సిగ్గుపడింది. ఆయన మాత్రం ఎరుపు చూశాడు. నెత్తురనుకున్నాడు. ఒంటరిగా కూర్చుని ఆలోచించాడు. పిల్లలు ఇంకా చిన్నవాళ్ళు, తను పోతే తన ఉద్యోగం తమ్ముడికి వస్తుంది, గది తమ్ముడి పేరున మారుతుంది. ఇంక మాత్రలు బుగ్గలో దాచి, వెనక కాలవలో ఉమ్మెయ్యడం మొదలుపెట్టాడు. రోజురోజుకీ ఎండిపోయాడు, కళ్ళలో మాత్రం నిప్పులు రాలేవి.

రెండు నెలల తరవాత మళ్ళీ కఫం పరీక్షిస్తే జబ్బు తగ్గలేదు. దిదీకి అనుమానం వచ్చి, మందు రోజు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. క్వార్టర్ల గేటు దగ్గరకే అరుపులు వినిపించాయి.

మేం వెళ్ళేసరికి కొళాయి గట్టు పక్కన మరిది బోర్లా పడి ఉన్నాడు. పెద్దాయన చేతిలో కాలవలు తోసే వెదురుబద్ద. అది గాలిలో లేచినప్పుడల్లా ఈల వేసినట్టు చప్పుడు, కిందపడగానే తడిబట్ట బండకేసి బాదినట్టు చప్పుడు. మరిది చొక్కా చీలి వీపు కనిపిస్తోంది, వీపు చీలి ఎరుపు కనిపిస్తోంది. చుట్టూ బిందెలు పట్టుకుని ఆడవాళ్ళు, పళ్ళపుల్లలు నములుతూ మగవాళ్ళు. "ఇసం పెడతన్నార్రా నాకు! నా కొలువు కోసం ఇసం పెడతన్నారు! నీ పెల్లాం సేత పళ్ళెంలో పెట్టించి మరీ సంపుతన్నావు గదరా!" అని పెద్దాయన ఒక్కో మాటకి ఒక్కో దెబ్బ వేస్తున్నాడు. మధ్యలో దగ్గుతున్నాడు, దగ్గి మళ్ళీ కొడుతున్నాడు. నర్స్ దిదీ ఎక్కడ నిలబడాలో మాకు నేర్పిన పాఠం తనే మరిచిపోయి మధ్యలోకి దూరింది. బద్ద ఆవిడ కనుబొమ్మ మీద దిగింది. బొట్టు ఏదో నెత్తురేదో తెలియకుండా మొహమంతా ఏకమైపోయింది. నేను నడుం పట్టుకుని వెనక్కి లాగాను.

మరిది లేచి పన్ను ఉమ్మేశాడు. అన్న మీద చెయ్యెత్తడం మా వాళ్ళలో మహాపాపం. అందుకని అంత దెబ్బ తిన్న మనిషీ అన్నవైపు కన్నెత్తకుండా, సరాసరి లోపలికి వెళ్ళి, తెర వెనకనుంచి మా చెల్లెల్ని జుట్టు పట్టి కొళాయి దాకా ఈడ్చుకొచ్చాడు. "ఏటి పెట్టినావే మా అన్నకి? సెప్పే! ఏటి కలిపినావు?" కడుపులో తన్నాడు. అది ముడుచుకుపోయింది. మళ్ళీ తన్నాడు. అంత దెబ్బల్లోనూ అది ఒక చేత్తో ముసుగు పట్టుకునే ఉంది, బావగారు ఎదురుగా ఉన్నాడని.

తరవాత లేచింది. ఎలా లేచిందో నాకిప్పటికీ తెలియదు. ముసుగు జారిపోతే సర్దుకోలేదు. నడిచి వెళ్ళి పెద్దాయనకి ఎదురుగా, మూరెడు దూరంలో నిలబడి, ఆయన మొహంలోకి చూసింది.

నెత్తురు చూసినప్పుడు పుల్లలు నమలడం ఆపని మగవాళ్ళు అప్పుడు ఆపారు.

"బావగోరూ," అంది. గొంతు కీచుగా ఉంది. కాపురానికి వచ్చినప్పటినుంచీ ఆయన ఆ గొంతు వినడం అదే మొదటిసారి. "ఆ ఎరుపు మందుదండి. నెత్తురు కాదు. ఇసం కాదు."

ఆయన కొట్టాడు. ఎదుట నిలబడినందుకు కొట్టాడు, మాటకి కాదు, అది ఆయన మొహంలోనే తెలిసింది. మా చెల్లెలు చెయ్యి అడ్డం పెట్టింది, మణికట్టు దగ్గర ఎండుపుల్ల విరిగిన చప్పుడైంది. గుమ్మంలో పళ్ళెం అలాగే ఉంది, ఆ రోజు మాత్రలతో. రెండో చేత్తో ఎర్ర గొట్టం మాత్ర తీసుకుంది, నోట్లో వేసుకుంది, నీళ్ళు లేకుండా మింగింది. మింగి, నోరు బార్లా తెరిచి, నాలుక ఎత్తి, బుగ్గలు లాగి, పెప్పర్‌మెంటు బిళ్ళలతో నేర్చుకున్నట్టే ఆయనకి చూపించింది.

బద్ద పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది. ఆయనకి దగ్గు తెర వచ్చి కొళాయి గట్టు మీద కూలబడ్డాడు. అప్పుడు ఆడవాళ్ళకి నోళ్ళొచ్చాయి. "బావగోరికి నోరు సూపించిందే, ఓలమ్మో!" అని గుండెలు బాదుకున్నారు. అత్త చీపురుతో దాని విరిగిన చేతిమీదే బాదింది, పరువు తీశావని ఏడుస్తూ బాదింది. దిదీ నా భుజం పట్టుకుని, కొట్టింది ఆయనైతే వీళ్ళు ఈ పిల్లని ఎందుకు తిడుతున్నారని అడిగింది. ఆయన భాసుర్ కదా అన్నాను, బెంగాలీలో బావగారికి అదే మాట. అప్పుడు ఆవిడకి సమస్తం అర్థమైంది. గాయం మరిచిపోయి నుదురు కొట్టుకుంది. వాళ్ళ ఠాకుమా, అంటే నాయనమ్మ, కూడా భాసుర్ పేరు జన్మలో పలకలేదట. ఎవరో పోలీసుల్ని పిలుద్దామన్నారు. "ఆగే ఓషుధ్, పొరే థానా" అంది ఆవిడ, ముందు మందు, తరవాతే పోలీసుస్టేషను అని. కనుబొమ్మకి పమిట అదిమిపట్టి మా చెల్లెల్ని రిక్షా ఎక్కించింది.

చేతికి కట్టు కట్టించుకుని వచ్చేసరికి కులపెద్దలు క్లబ్బు ముందు కూర్చున్నారు. బావగారికి ఎదురు నిలిచిన ఆడది ఆ గడపలో ఉండకూడదన్నది వాళ్ళ తీర్పు. మొగుడు అవునన్నాడు. పెద్దాయన దూరంగా గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఈలోగా మా చెల్లెలు మరుగుదొడ్డికి వెళ్తే, ఈ బాధలో ఏ అఘాయిత్యం చేసుకుంటుందోనని అత్త వెంట వెళ్ళింది. వెళ్ళిన మనిషి మోకాళ్ళ నొప్పులు మరిచి పరుగున తిరిగొచ్చి, కొడుకుతో ఆ మాట అనడానికి సిగ్గుపడ్డ మనిషే, పదిమంది మగవాళ్ళ మధ్య నిలబడి అరిచింది: "ఒరే, దీనికీ ఎర్రగానే పడతందిరా! అచ్చంగా నీకు పడ్డట్టే! ఆ మందుదేరా ఆ రంగు!"

పెద్దలు తలలు దించుకున్నారు. వెనక ఎవడో కిసుక్కున నవ్వి చెంపదెబ్బ తిన్నాడు. పెద్దాయన గోడకేసి చూస్తూనే అన్నాడు: "మందు ఆ పిల్లే ఇయ్యాల. మింగి సూపించింది అదొక్కతే."

అలా తీర్పు వింతగా తేలింది. ఆ ఇంట్లో ఉండడానికి వీల్లేదు, ఆ ఇంట్లో మందివ్వడానికి మాత్రం రావాలి. మా చెల్లెలు క్వార్టర్ల బయట నా గదిలో ఉంటూ, మందు రోజున పొద్దున్నే కట్టు కట్టిన చేతితో బయల్దేరేది. దిదీ వెంట వచ్చి సూది వేసేది, ఎందుకంటే వైద్యం మళ్ళీ మొదటినుంచి, ఇంకా గట్టి మందులతో మొదలైంది. గేటు దగ్గర ఆడవాళ్ళు కుడితినీళ్ళు పోసేవారు. మరిది కాపు కాసి తన్నేవాడు. ఒకరోజు సైకిలు చైనుతో కొట్టాడు. లంకె లంకె గుర్తులు మెడమీద ఎన్నాళ్ళో ఉండిపోయాయి. ఆ రోజు పెద్దాయన చొక్కా లేకుండా, ఎముకల గూడులా బయటికొచ్చి, తమ్ముణ్ణి మెడపట్టి గేటు ఊచలకేసి మోదాడు. "నా మందయ్యేదాకా దాన్ని ముట్టుకున్నావంటే సంపేత్తాను" అన్నాడు. మందయ్యేదాకా అన్నాడు, అంతవరకే అన్నాడు. అయినా ఆ మాటకి మేం ఎంత సంతోషించామో చెప్పలేను.

ఆయన మింగాడు. ప్రతిసారీ ఎదురుగా నిలబడి మా చెల్లెలు చూసింది, నోరు తెరిపించి చూసింది. ఒంటికి కండ పట్టింది, కఫం శుభ్రమైంది. ఇద్దరు పిల్లలకీ జబ్బు అంటకుండా గండం గడిచింది. గది ఆయన పేరునే నిలిచింది. ఆఖరి రోజున మా చెల్లెలు నాతో రహస్యంగా అంది, ఈ రోజు బావగోరు ఉండిపొమ్మంటారేమో అప్పా అని, అక్కని మేం అలాగే పిలుస్తాం. మంచి చీర కట్టుకుంది. నేను గుమ్మం బయట నిలబడ్డాను. ఆయన మాత్రలు మింగాడు, నోరు తెరిచి చూపించాడు, చెంబు కింద పెట్టాడు. "సరే. ఇంకెల్లు" అన్నాడు. అది వచ్చేసింది. తరవాత కొన్నాళ్ళకి మరిది ఇంకో పిల్లని తెచ్చుకున్నాడు.

దిదీ ఆ ఏడాదే శిక్షణ మార్చింది. ప్రతి వాలంటీరునీ ముందుగా ఒకే ప్రశ్న అడిగేది: నువ్వు ఎవరి ఎదుట నిలబడకూడదు? ఒక గదుల వరసలో ఉండేవాళ్ళని ఇంకో గదుల వరసకి పంపేది. మా చెల్లెలు కాపురం పోయాక కూడా ఆ పని మానలేదు. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో ఎందరికో మందు మింగించింది. వంకర తిరిగిన మణికట్టుతోనే ఎదటివాళ్ళ దవడ పట్టుకునేది.

ఆమధ్య ఆ పెద్దాయన చిన్నకొడుకు పెళ్ళి జరిగింది. పిన్ని రాకపోతే తాళి కట్టనని ఆ పిల్లాడు స్వయంగా వచ్చి పిలిస్తే ఇద్దరం వెళ్ళాం. పెద్దాయన ముసలివాడైపోయి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. మా చెల్లెలు ముసుగు లేకుండా ముందునుంచి నడిచి వెళ్తే కాళ్ళు దగ్గరికి ముడుచుకుని దారిచ్చాడు. పెళ్ళిపీటల మీద కొత్తకోడలు సెల్ఫీ తీసుకుంటోంది. ఒకవైపు మొగుడు, ఇంకోవైపు వాడి అన్న, అంటే ఆ పిల్లకి బావగారు. ఆయన భుజం మీద చెయ్యి వేసి, "దాదా, ఎకటు హాషో" అంటోంది, అన్నయ్యా కాస్త నవ్వు అని. అతను నవ్వాడు. చూసినవాళ్ళంతా నవ్వారు. ఆ రోజు గుండెలు బాదుకున్న ఆడవాళ్ళలో బతికున్నవాళ్ళు కూడా ఫొటోలో పడాలని ముందుకు తోసుకొచ్చారు.

మా చెల్లెలు చూస్తూ చూస్తూ నా చెవిలో, "నాదే తొందరైపోనాది అప్పా. ఇంకొన్నేళ్ళు ఆగుంటే ఒక్క దెబ్బా పడకపోను" అని కిలకిలా నవ్వింది.

నేను నవ్వలేకపోయాను. ఏ ఆచారం కోసం దాని చెయ్యి విరిగిందో, కాపురం పోయిందో, ఆ ఆచారం ఎవరూ తోసెయ్యకుండానే, ఎవరికీ తెలియకుండానే, గోడమీది సున్నంలా దానంతట అది రాలిపోయింది. ఎప్పుడు పోయిందో ఆ క్వార్టర్లలో ఒక్కరూ చెప్పలేరు. మా చెల్లెలు అన్నట్టు ఆగి ఉంటే సరిపోయేదే. కానీ ఆ జబ్బుతో ఆ కుర్చీలో ముసలాయన అన్నాళ్ళు ఆగగలిగేవాడు కాదు.